ఉపవాస ప్రార్థనకి ముందు షుగరు మాత్ర

వాళ్ళిద్దరూ మేనత్తా మేనల్లుళ్ళు. ఆవిడ మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసి నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. గుంటూరులో ఒక లూథరన్ సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద దిక్కు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో బల్ల వేయించుకుని, బీపీ మిషనూ ఒక లాంగ్ నోటుబుక్కూ ముందు పెట్టుకుని కూర్చుంటుంది. అతను జనరల్ ఫిజీషియన్. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ రెండూ అయినవాడే గానీ మెడికల్ కాలేజీలో చేరాక పెళ్ళిళ్ళకీ సమాధి కార్యక్రమాలకీ తప్ప గుడి మెట్టెక్కలేదు. ఒకరంటే ఒకరికి ప్రాణం, కలిస్తే మాత్రం వాదనే. భస్మ బుధవారానికి ముందు ఒక ఆదివారం భోజనాల దగ్గర నడిచిన వాదన ఇది. అక్కడున్న మూడో మనిషిని నేను. తిట్లు కొన్ని తీసేసి, గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

డాక్టరు: లెంటు వస్తోందంటే నీకు భక్తి అత్తా, నాకు భయం. ఆ నలభై రోజులూ నా ఓపీకి వచ్చి కూర్చో. పొద్దున్నే గ్లిమిపిరైడ్ మింగుతారు, ఉపవాసమని సాయంత్రం దాకా ఏమీ ముట్టరు. పదకొండయ్యేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట ముద్దగా రావడం. ఒకాయనకి ప్రార్థనలో ఉండగా అలా అయితే చుట్టూ ఉన్నవాళ్ళు ఆత్మ దిగిందనుకుని ఇంకా గట్టిగా పాడారట. నా దగ్గరికి తెచ్చేసరికి షుగరు నలభై చిల్లర.

అత్తయ్య: అది మన సంఘంలో అయ్యుండదు.

డాక్టరు: ఏ సంఘమైతే ఏంటి, పడిపోయినవాడు మనిషే కదా.

అత్తయ్య: మనిషే. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోతుందని ఆ మాత్ర రాసినవాడు చెప్పాలి. రాసింది నీలాంటి డాక్టరే కదా. చెప్పాడా?

డాక్టరు: వాళ్ళు అడిగితేగా చెప్పేది! రంజాను ముందు ముస్లిం పేషెంట్లు వస్తారు. రోజా ఉంటాం, మందులు సర్దండి అంటారు. పొద్దుటి మాత్ర ఇఫ్తారు వేళకి మారుస్తాం, అవసరమైతే డోసు తగ్గిస్తాం, ఉండకూడనివాళ్ళకి ఉండొద్దని చెప్తాం. దాని కోసం అంతర్జాతీయంగా డాక్టర్లు రాసిపెట్టిన మార్గదర్శకాలే ఉన్నాయి. మనవాళ్ళు లెంటు ముందు ఒక్కరంటే ఒక్కరు రారు. ఎందుకు రారు? వచ్చి అడిగితే మాత్ర మీద నమ్మకం పెట్టుకున్నట్టూ, దేవుడి మీద తగ్గినట్టూ లోపల ఒక గిల్టు. నీ విశ్వాసం నేర్పిన ఆరోగ్యం ఇదీ.

అత్తయ్య: గిల్టు ఉంది, కాదనను. ఇంకో కారణం కూడా ఉంది, అది గుడికి వస్తే తెలిసేది నీకు. రంజానుకి ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అని గడియారం లెక్కన నియమం ఉంది. లెంటులో మన లూథరన్లకి అలాంటి నియమమేదీ లేదు. ఒకరు పొద్దుటి టిఫిను మానతారు. ఒకరు మాంసం మానతారు. ఒకరికి శుక్రవారాలు మాత్రమే. కొత్తగా పెళ్ళయినమ్మాయి ఒకతె సీరియళ్ళు మానేసింది. ఎవరికి వాళ్ళు దేవుడితో గుట్టుగా చేసుకున్న ఒప్పందం అది. ఉపవాసం ఉన్నట్టు ముఖం వేలాడేసుకుని తిరగొద్దని ప్రభువే చెప్పాడు కాబట్టి ఇంట్లోవాళ్ళకే చెప్పరు, ఇక నీకేం చెప్తారు? గుట్టు మంచిదే. ఇన్సులిన్ దగ్గర మాత్రం పనికిరాదు. అందుకే గుడికొచ్చి ఐదు నిమిషాలు మాట్లాడరా అని పోరుతున్నాను.

డాక్టరు: వస్తాను. కానీ విశ్వాసం ఆరోగ్యాన్నిస్తుందని నా పక్కన నిలబడి నువ్వు అనకూడదు. అది అబద్ధం.

అత్తయ్య: అబద్ధమా? మీ తాత సంగతి మర్చిపోయావా?

డాక్టరు: తాత సంగతి నువ్వు చెప్తావని తెలుసు.

(తాత సంగతి మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఎదురింటివాళ్ళకి కూడా తెలుసు. అయినా ఆవిడ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పింది.)

అత్తయ్య: మా నాన్న సాయంత్రమైతే సారా కొట్టు దగ్గరే. కూలి డబ్బులు సగం అక్కడే. మా అమ్మ అడిగింది, ఏడ్చింది, పుట్టింటికెళ్ళింది. మానలేదు. సంఘ పెద్దగా ఎన్నుకున్నారు, మానాడు. కలలో దేవుడు కనపడలేదు, ఆయన మీద చేతులుంచి ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. ప్రభు బల్ల దగ్గర పాస్టరుగారి పక్కన నిలబడాలి కదా, ఆ వాసనతో ఎలా నిలబడతాడు? మొదటి వారం చేతులు వణికితే కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. నేను చూశాను.

డాక్టరు: అంటే పరువు కోసం మానాడు. దేవుడి కోసం కాదు.

అత్తయ్య: పరువు ఎవరి దగ్గర? దేవుడి పేరు మీద కూడిన నలుగురి దగ్గర. ఆ నలుగుర్నీ తీసేస్తే మా నాన్నకి పరువనే మాటే లేదు. పల్లెలో పుట్టినవాడు. ఊరి బావి తాకనివ్వరు, హోటల్లో గ్లాసు వేరు. అలాంటివాడికి శరీరం మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుందిరా? ఆ ఒళ్ళు పగలు కామందుది, రాత్రి సారా కొట్టువాడిది. మనిషి దేహం దేవుడి ఆలయమని పౌలు కొరింథీవాళ్ళకి రాశాడు. గుళ్ళోకి అడుగుపెట్టనివ్వని మనుషులకి ఆ మాట చెప్తే ఎలా తగిలి ఉంటుందో ఒక్కసారి ఊహించు. నువ్వు వెళ్ళలేని గుడి సంగతి సరే, నువ్వే గుడివి అంటున్నాడు. గుడిని ఎవడైనా పాడుపెట్టుకుంటాడా? నా లెక్కలో తెలుగు క్రైస్తవుల ఆరోగ్యం మొదలైంది అక్కడ. ఆసుపత్రులు ఆ తర్వాతి మాట.

డాక్టరు వెంటనే ఏమీ అనలేదు. పప్పులో నెయ్యి వేసుకున్నాడు. అత్తయ్య ఆ గిన్నె ఇవతలికి జరిపింది.

డాక్టరు: ఈ మాట నేను ఒప్పుకుంటాను. అది చరిత్ర. కానీ సారా మానిపించడానికి గుడే కావాలా? నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏ పాస్టరు బోధించాడు? 1990ల మొదట్లో అక్షరదీపం బళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదువుకుని, అది తమ కథేనని పోల్చుకుని, సారా కొట్లు మూయించారు. ముందు నిలిచిన రోసమ్మకీ ఆ ఊరి ఆడవాళ్ళకీ భయపడి 1993 అక్టోబరు ఒకటి నుంచి ప్రభుత్వమే సారా నిషేధించింది. 1995లో మొత్తం మద్యపాన నిషేధమే వచ్చింది. ఒక పాఠం, పలకలు పట్టుకున్న కొందరు ఆడవాళ్ళు. దేవుడి ప్రసక్తే లేదు.

అత్తయ్య: బంగారంలాంటి ఆడవాళ్ళు. వాళ్ళ ముందు మేమెంత! ఆ నిషేధం ఏమైంది మరి?

డాక్టరు: 1997లో ఎత్తేశారు.

అత్తయ్య: కొట్లు తెరిచారు. మా నాన్న అప్పుడు బతికే ఉన్నాడు. వీధి చివరే షాపు. మళ్ళీ ముట్టలేదు. చట్టం పోయినా గుడి పోలేదు కదా. ప్రతి ఆదివారం గంట కొడుతూనే ఉంది.

డాక్టరు: మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు మన సంఘంలో లేరా?

అత్తయ్య: ఎందుకు లేరు? ఉన్నారు.

డాక్టరు: వాళ్ళు ఏ వరుసలో కూర్చుంటున్నారు?

అత్తయ్య: ...రారు. తాగడం మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి రావడం మానేస్తారు. ఎందుకు రావట్లేదయ్యా అంటే, ఈ ముఖం పెట్టుకుని ఎట్లా వచ్చేదమ్మా అంటారు. ఎవరి కోసం కట్టారో వాళ్ళే రాలేని చోటైపోయింది గుడి. నాకది బాధే.

డాక్టరు: చూశావా! నా వాదన నువ్వే చెప్పావు. తాగినవాడు బయట, మంచం పట్టినవాడు ఇంట్లో, నడవగలిగినవాళ్ళూ అలవాట్లు బాగున్నవాళ్ళూ లోపల. ఇప్పుడు ఎవడో వచ్చి లెక్క తీస్తే, గుడికెళ్ళేవాళ్ళు ఎంత ఆరోగ్యంగా ఉన్నారో అంటాడు. గుడి వాళ్ళని ఆరోగ్యవంతుల్ని చెయ్యలేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు గుడికి వెళ్ళగలిగారు, అంతే.

అత్తయ్య: అమెరికా నర్సుల లెక్క తెలుసా నీకు?

డాక్టరు: తెలుసు. నాకు తెలీకుండా నీకెవరు చెప్పారు?

అత్తయ్య: మా నర్సుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నర్సుల గురించి కదా, దాచుకున్నాను.

డాక్టరు: వాట్సాప్‌లో వచ్చినా ఈసారి నిజమే వచ్చింది. 2016లో అచ్చయింది. డెబ్భై నాలుగు వేల పైచిలుకు నర్సుల్ని పదహారేళ్ళు గమనించారు. వారంలో ఒకసారి కంటే ఎక్కువ ఆరాధనకి వెళ్ళేవాళ్ళలో, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే, ఆ కాలంలో మరణాలు 33 శాతం తక్కువ. నిజాయితీగా చెప్పాలంటే నేనిప్పుడన్న గొడవ వాళ్ళూ ఆలోచించారు. జబ్బులున్నవాళ్ళనీ, సిగరెట్టునీ, దిగులునీ లెక్కలోకి తీసుకుని సరిచేశారు. తేడా తగ్గింది గానీ పోలేదు. ఆ మిగిలిన తేడాలో కొంత సిగరెట్టు మానడం వల్ల, కొంత దిగులు తగ్గడం వల్ల, కొంత పలకరించే మనుషులు ఉండటం వల్ల అని తేల్చారు. అందులో దేవుడి వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు. తెల్ల నర్సుల లెక్క అది, ఎక్కువమంది చదువుకున్నవాళ్ళు, జీతాలున్నవాళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆవిడకి అంటించలేం.

అత్తయ్య: సిగరెట్టు మానడం, దిగులు తగ్గడం, మనుషులు పలకరించడం. వీటన్నిటినీ పక్కకి తీసి, ఇంకా మిగిలితే అది దేవుడంటావా నువ్వు? నేను తిరగేసి చెప్తాను. నాకు ఆ మూడూ కలిపితేనే సంఘం. దేవుడు వాటి వెనకాల విడిగా ఎక్కడో కూర్చుని ఉంటాడని నాకెవరూ నేర్పలేదు.

(నాకు ఈ వాదం మొత్తంలో ఇదే ముడి అనిపించింది. పరిశోధకుడు చిక్కు విప్పడానికి వేరు చేసే పోగుల్నే విశ్వాసి కలిపి పేని తాడు అంటాడు. ఇద్దరి చేతుల్లో ఉన్నదీ ఆ పోగులే. ఎవరు గెలిచారో చెప్పడం నావల్ల కాలేదు.)

డాక్టరు: అట్లాగైతే ప్రార్థనని విడిగా తీసి పరీక్షించిన లెక్క కూడా ఉంది, అది మీ గ్రూపులో వచ్చి ఉండదు. 2006లో. గుండెకి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది, అమెరికాలో ఆరు ఆసుపత్రులు. కొందరి కోసం ప్రార్థన చేయించారు, కొందరి కోసం చేయించలేదు. తమ కోసం చేస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లోనూ ఆపరేషన్ తర్వాత చిక్కులు దాదాపు సమానం, యాభై ఒకటి, యాభై రెండు శాతం. మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతోందని చెప్పినవాళ్ళలో 59 శాతం! చెప్పినందుకు ఇంకా ఎక్కువైంది.

అత్తయ్య: ఎక్కువ కాదూ మరి! ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాడి దగ్గరికొచ్చి, నీ కోసం ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ప్రార్థన చేస్తున్నారు నాయనా అంటే, నా పరిస్థితి అంత అధ్వాన్నంగా ఉందా అని గుండె అక్కడే జారిపోతుంది.

డాక్టరు: నవ్వు రాకపోతే ఒట్టు. ఆ పరిశోధన చేసినవాళ్ళు కూడా కాస్త అలాంటి అనుమానమే వెలిబుచ్చారు.

అత్తయ్య: నర్సుని అడిగితే ముందే చెప్పేది. ఒరేయ్, ప్రార్థన సెలైన్ బాటిల్ కాదు, ఇన్ని చుక్కలు ఎక్కిస్తే ఇంత జ్వరం తగ్గుతుంది అనడానికి. నేను డ్యూటీలో పేషెంటు పక్కన ప్రార్థన చేసిందెప్పుడూ ఫలానా ఫలితం రావాలని కాదు. రాత్రి రెండింటికి ఆ మంచం దగ్గర ఒక మనిషి నిలబడిందని అతనికి తెలియాలి. ప్రార్థన అయ్యాక నేను కదిలేదాన్ని కాదు, నాడి చూసేదాన్ని, దుప్పటి సరిచేసేదాన్ని. తెలియనివాళ్ళు ఎక్కడో కూర్చుని చేసిన ప్రార్థనలో ఆ దుప్పటి లేదు.

డాక్టరు: అయితే దుప్పటి కప్పు. ప్రార్థన ఎందుకు?

అత్తయ్య: ప్రార్థన లేని రోజు దుప్పటి కప్పడం మర్చిపోతాను గనక. నా సంగతి నాకు తెలుసు.

ఇక్కడ పెరుగు వడ్డించారు. మామిడికాయ పచ్చడి చుట్టూ ఒక చిన్న యుద్ధం జరిగింది. రోజుకి ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుందనీ, గుంటూరులో ఒక్క పూటలోనే దాటేస్తామనీ డాక్టరు. గుడిలో ప్రేమ విందుకి రెండేళ్ళుగా పచ్చడి జాడీ బల్ల చివరికి జరిపించానని అత్తయ్య. ఎందుకు తీసెయ్యలేదని డాక్టరు. తీసేస్తే మనుషులే రారని అత్తయ్య.

డాక్టరు: తిండి దగ్గర నీకంటే శనివారం సంఘంవాళ్ళు నయం. అమెరికాలో లోమాలిండా ఊళ్ళో సెవెంత్ డే అడ్వెంటిస్టులు. సిగరెట్టు లేదు, మద్యం లేదు, చాలామంది మాంసం తినరు, గింజలూ పప్పులూ బాగా తింటారు, నడుస్తారు. కాలిఫోర్నియాలో ఆ సంఘంవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. మిగతా కాలిఫోర్నియావాళ్ళ కంటే మగవాళ్ళు ఏడేళ్ళ పైన, ఆడవాళ్ళు నాలుగేళ్ళ పైన ఎక్కువ బతుకుతున్నారు. నీ వాదనకి ఇంతకంటే మంచి సాక్ష్యం నేనే ఇస్తున్నాను చూడు, ఇచ్చి మళ్ళీ లాక్కుంటున్నాను. బతికించింది బాదంపప్పూ నడకా. యేసు కాదు.

అత్తయ్య: లాక్కో. వాళ్ళ ఆసుపత్రి మన నూజివీడులోనే ఉంది కదా, ఆ నర్సులు నాకు తెలుసు. శనివారం విశ్రాంతి విషయంలో వాళ్ళతో నాకు సిద్ధాంతం కుదరదు గానీ, అలవాట్లలో వాళ్ళ ముందు మనం దిగదుడుపే. నీకూ తెలుసు బాదంపప్పు మంచిదని. డాక్టరువి. రోజూ తింటున్నావా? నడుస్తున్నావా?

డాక్టరు: ...

అత్తయ్య: తెలిసినవాళ్ళందరూ చేస్తే నర్సులెందుకు, డాక్టర్లెందుకు? 1863లో వాళ్ళ సంఘపు ఎల్లెన్ వైట్ అనే ఆవిడ నాకు దర్శనం వచ్చింది, ఒళ్ళు కాపాడుకోవడం కూడా భక్తేనని చెప్పింది. దర్శనం సంగతి నువ్వు నమ్మొద్దు. నూట అరవై ఏళ్ళు దాటి తరాల తరాలు ఆ మాట పట్టుకుని తింటున్నారే, అది చూడు. నీ డైట్ చార్టు కాగితం ఫ్రిజ్ మీద ఎన్నాళ్ళుంటుంది?

డాక్టరు: సరే. కానీ ఒక్క జాగ్రత్త. వాళ్ళ మాంసం మానడం లోమాలిండాలో వేరు, మన పల్లెలో వేరు. ఇక్కడ మాంసం మానడమంటే పెద్దకులం లక్షణమని ముందే ఒక ముద్ర ఉంది. భక్తి పెరిగిందని చూపించడానికి పేదవాడు గొడ్డుమాంసం మానేస్తే, చౌకగా దొరికే మాంసకృత్తులు పోతాయి. వాటి చోటికి బాదంపప్పు రాదు, తెల్లన్నం ఇంకో గరిటె వస్తుంది. షుగరు నా దగ్గరికి వస్తుంది.

అత్తయ్య: ఆ మాట గుడిలో చెప్పు. నేను చెప్తే ఇంటికెళ్ళి నవ్వుకుంటారు.

(దీన్ని ఇంకాస్త సాగదీసి ఉంటే బాగుండేదని నాకనిపించింది. తెలుగు సంఘాల్లో తిండి మీద మాట్లాడటమంటే కులం మీద మాట్లాడటమే. కానీ ఇద్దరూ ఒప్పుకున్న చోట వాదం ఆగదు కదా, ముందుకు పోయింది.)

డాక్టరు: ఇంకో మాట. విశ్రాంతి దినం గొప్పదంటావు. ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆగమనడం ఒంటికి మంచిదే, ఒప్పుకున్నాను. మన ఇంట్లో ఆదివారం ఎవరు ఆగుతున్నారు? పొద్దున నాలుగింటికి లేచి మాంసం కడిగి, బిర్యానీకి అన్నీ సిద్ధం చేసి, పిల్లలకి తలంటి, ఇస్త్రీ బట్టలేసి, పదింటికి గుడి, ఒంటిగంటకి వచ్చి వడ్డన, మూడింటికి అంట్లు, సాయంత్రం మళ్ళీ కూటం. మా అమ్మకి వారంలో బీపీ ఎక్కువుండేది సోమవారం పొద్దున్నే.

అత్తయ్య: మగవాళ్ళు రాసుకున్న విశ్రాంతి అది. మార్తకి కోపం వచ్చింది ఊరికే కాదు. అందులో నేను నీ పక్షమే. మీ అమ్మకి చెప్పాను, శనివారం రాత్రే పులుసు పెట్టెయ్యి, ఆదివారం అన్నం ఒక్కటే వండు అని. మీ నాన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అతను నా తమ్ముడే, అయినా చెప్తున్నాను.

డాక్టరు: గుడ్ ఫ్రైడే ఒకటి. పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, ఏడుగురు ప్రసంగీకులు, ఎవరూ టైముకి దిగరు. ఏప్రిల్ ఎండ, గుంటూరు. సగం మంది ఉపవాసం. అందులో పెద్దవాళ్ళు బీపీకి నీళ్ళు తోడేసే మాత్రలు వేసుకుని వస్తారు. అయిదో మాట దప్పిక గురించి, అప్పటికి అందరికీ నోరెండిపోయి ఉంటుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతారు.

అత్తయ్య: పడిపోయేవాళ్ళు. ఇప్పుడు మూడో మాటకీ అయిదో మాటకీ పాట పాడేటప్పుడు స్త్రీల సమాజంవాళ్ళం వరుసల మధ్య మజ్జిగ గ్లాసులు తిప్పుతున్నాం, ఉప్పు కాస్త వేసి. మొదటి ఏడాది ఎవరూ తీసుకోలేదు. పాస్టరుగారికి షుగరు ఉందిగా, ఆయన్ని ముందు తాగమన్నాను. పుల్పిట్ మీద నిలబడి అందరికీ కనిపించేలా తాగాడు. ఆ తర్వాత గ్లాసులు చాల్లేదు.

డాక్టరు: అది... బాగుంది. అది ఎవరూ నాకు చెప్పలేదు.

అత్తయ్య: వస్తే కనిపించేది.

డాక్టరు: వీటన్నిటికీ సర్దుకుపోగలను అత్తా. ఒక్క దానికి సర్దుకోలేను. స్వస్థత కూటాలు. స్టేజీ ఎక్కి, నూనె రాశారు, షుగరు పోయింది, మాత్రలు మురిక్కాలవలో పారేశాను అని సాక్ష్యం చెప్తారు. జనం చప్పట్లు. ఆ మనిషి మూడు నెలల తర్వాత కాలి పుండుతో వస్తే, ఆ సాక్ష్యం ఎవరూ చెప్పరు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద బతికే పిల్లాడికి ఆపేస్తే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛ మాత్ర ఆపినా, మనసుకి వాడే మాత్ర ఆపినా అంతే. ఫలానా ఆవిడకి దయ్యం వదిలిందని పాటలు పాడిన వారానికి ఆవిడ బావిలో దూకితే, విశ్వాసం చాలలేదన్నారు. జబ్బుకి తోడు ఆ నింద కూడా రోగి మీదేనా?

అత్తయ్య చాలాసేపు మజ్జిగ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు.

అత్తయ్య: ఆ నింద పాపం. నేను ఈ మాట మెత్తగా అనను. హిజ్కియా రాజు మంచం మీద ఏడిస్తే దేవుడు పదిహేనేళ్ళు ఆయుష్షు పెంచాడని అందరూ చెప్తారు. ఆ తర్వాత యెషయా ఏం చెయ్యమన్నాడో చెప్పరు. అంజూరపు పళ్ళ ముద్ద పుండు మీద కట్టమన్నాడు. మాట దేవుడే ఇచ్చాడు, కట్టు మాత్రం కట్టాల్సిందే. పౌలు తన ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చిందని ఆ పౌలే రాశాడు. ఎందరినో బాగుచేసిన చెయ్యి అది, స్నేహితుణ్ణి బాగుచెయ్యలేకపోయింది. ఆ మాట దాచకుండా రాశాడు. తిమోతికి కడుపునొప్పికి మందులాంటి సలహా ఇచ్చాడు. పౌలు పక్కన తిరిగిన లూకా డాక్టరు. విశ్వాసం చాలలేదని అనేవాళ్ళు పౌలుని కూడా అంటారా?

డాక్టరు: నువ్వు ఇదంతా ఇక్కడ చెప్తున్నావు. అక్కడ చెప్పాలి.

అత్తయ్య: మన గుంటూరులో ఆడవాళ్ళకి ఆసుపత్రి కట్టిన కుగ్లర్ దొరసాని 1883లో ఓడ దిగినప్పుడు మిషనువాళ్ళు ఆవిణ్ణి పంపింది ఆడపిల్లల చదువు పనికి, వైద్యానికి కాదు. చదివింది డాక్టరీ. బడి పనితో పాటు మందుల పని తనంతట తనే మొదలుపెట్టింది. 1898కి ఆసుపత్రి లేచింది. ప్రార్థన ఒక్కటే చాలనుకుంటే ఆవిడకి పెన్సిల్వేనియాలో చోటు లేకనా ఇంత దూరం వచ్చింది? ఆ మంచాల మధ్య మనవాళ్ళ ఆడపిల్లలు నర్సులయ్యారు. నేనూ ఆ కోవలోదాన్నే. నూనె రాసేవాళ్ళు నాకు విశ్వాసం నేర్పక్కర్లేదు.

డాక్టరు: అయితే రేపు మీ గుడిలో ఒకరు లేచి మాత్రలు మానేశానని సాక్ష్యం చెప్తే, ఆపగలవా?

అత్తయ్య: ఆపలేను. సాక్ష్యం ఆపే అధికారం నాకు లేదు, పాస్టరుగారికి కూడా ఆ ధైర్యం లేదు. ఆ సాక్ష్యం చెప్పేవాళ్ళు కానుకలు బాగా వేస్తారు, అది కూడా ఒకటి.

డాక్టరు: మరి?

అత్తయ్య: వాళ్ళ తర్వాత లేచి నిలబడే హక్కు నాకుంది.

డాక్టరు: నిలబడ్డావా ఎప్పుడైనా?

అత్తయ్య: క్రిస్మస్ ముందు ఒకాయన చెప్పాడు, బీపీ మాత్ర మానేశాను, ప్రభువు చూసుకుంటున్నాడు అని. ఆయన బీపీ నా నోటుబుక్కులోనే ఉంది, పై అంకె నూట తొంభై. నేను లేచి, నాకు ముప్పై ఏళ్ళుగా బీపీ ఉంది, ప్రతి పొద్దున్నా ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకుంటున్నాను, ఇంతవరకూ పక్షవాతం రాలేదు, మాత్ర చేసినవాళ్ళకి బుద్ధి ఇచ్చిన దేవుడికి స్తోత్రం అన్నాను.

డాక్టరు: ఆమెన్ అన్నారా?

అత్తయ్య: ఆడవాళ్ళు అన్నారు. మగవాళ్ళ వైపు దగ్గులు వినిపించాయి.

డాక్టరు: ఆయన?

అత్తయ్య: ఆ ఆదివారం నా బల్ల దగ్గరికి రాలేదు. తర్వాతి వారం ఆయన భార్య వచ్చింది, చీటీ మీద మాత్ర పేరు రాసివ్వమంది. నేను రాయకూడదు కదా, నీ క్లినిక్ అడ్రసు రాసిచ్చాను. వచ్చిందా?

డాక్టరు: పేరేంటి?

అత్తయ్య: పేరు చెప్పను, గుడిలో సంగతులు బయటపెట్టను. వచ్చుంటే నీకే తెలుస్తుంది. వచ్చే ఆదివారం పదకొండున్నరకి రా. లెంటులో ఉపవాసం ఉండదలచిన షుగరువాళ్ళు ముందు డాక్టరుకి చెప్పాలి, ఇన్సులిన్ వాడేవాళ్ళు తమంతట తాము ఆపకూడదు, వణుకు వస్తే ఉపవాసం అక్కడే విరమించి పంచదార నీళ్ళు తాగాలి, ఆ మూడే చెప్పు. దేవుడు ఉన్నాడా లేడా అని అక్కడ మొదలెట్టొద్దు.

డాక్టరు: చివర్లో నన్ను ప్రార్థన చెయ్యమనరు కదా?

అత్తయ్య: అంటారు. పక్కన నేనుంటాగా, నేను చేస్తాలే. నువ్వు కళ్ళు మూసుకోకపోయినా పర్లేదు, ఆ టైములో ఎవరెవరి పాదాలు వాచి ఉన్నాయో చూసి పెట్టు.